మాట మధ్యలో ఆగిన చెయ్యి

మా అక్క వీరవేణి మాట్లాడుతుంటే
కొబ్బరి పీచు నలుసులు రాలతాయి.
వేళ్ళ సందుల్లో పొద్దుటి పని
ఇంకా అంటుకునే ఉంటుంది మరి.

పుట్టు చెవుడు.
కాకినాడ బళ్ళో ఏడేళ్ళుండి
మాట తెచ్చుకుంది, చేతుల నిండా.
ఆ మాట తెలిసిన మనిషిని ఈ లంకలో నేనొక్కదాన్నే.
నాకూ సగమే తెలుసు.

మిగతా సగం దీవెనకుమారి.
ఒకే బెంచీ, ఒకే కంచం అప్పుడు.
ఇప్పుడు కాకినాడలో జాకెట్లు కుడుతుంది.

పాత నెట్టు రోజుల్లో
దీవెన చెయ్యి లేచేది,
గుండె దగ్గరికి వచ్చేలోపు
గళ్ళుగళ్ళుగా పగిలి
అక్కడే ఉండిపోయేది.
దాని మీద గుండ్రంగా తిరుగుతూ
ఓ చుక్కల గొలుసు.
మనకైతే బొమ్మ ఆగినా గొంతొస్తుంది,
"వినపడతందా, ఆఁ, చెప్పు చెప్పు" అని సర్దుకుంటాం.
వాళ్ళకి బొమ్మే గొంతు.

వాళ్ళ మాటలో
రమ్మనడానికీ రావద్దనడానికీ
తేడా ఒక్క మణికట్టు తిరగడమే.
ఓసారి ఆ తిరుగుడు రాలేదు.
ఎర్రనీళ్ళు దిగుతున్న రోజు, ఆఖరి పంటెక్కి
అక్క కాకినాడ వెళ్ళిపోయింది.
తలుపుకి తాళం.
బస్టాండులో రాత్రంతా కూర్చుని
తెల్లారి మన రేవులో దిగి
నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.
అంటే,
చేతులు కట్టుకు కూర్చుంది.

పోయిన వేసవిలో ఏటిగట్టు పక్కన
కొత్త టవరు లేచింది. ఫైవ్‌జీ అన్నారు.
టెంటు వేసి, కూల్‌డ్రింకులు పంచి
సినిమా ఎన్ని క్షణాల్లో దిగుతుందో చెప్పారు.
రొయ్యల చెరువుల మావుళ్ళుగారు
నీళ్ళలో గాలి తగ్గితే
మంచం దిగకుండానే ఏరియేటర్లు తిప్పొచ్చని
మురిసిపోయారు.
వీరవేణి సంగతి ఎవరికీ తట్టలేదు.
నిజం చెప్పాలి, నాకూ తట్టలేదు.
నేను సీరియళ్ళ గురించి ఆలోచిస్తున్నాను.

ఆ రాత్రి అరుగు మీద, బల్బు కింద
ఇటుకకి ఫోను ఆనించి కూర్చుంది.
దీవెన చెయ్యి లేచింది.
దిగింది.
మళ్ళీ లేచింది.
ఇంక చూడండి,
జూన్‌లో లాకులెత్తాక ఎండు కాలవ మీద పడ్డ నీళ్ళే.
గాజుల చప్పుడు తప్ప చప్పుడు లేదు.
దోమలు కుడుతున్నా కొట్టుకోడానికి
ఇద్దరికీ చెయ్యి ఖాళీ లేదు.

భాద్రపదంలో అమలాపురం ఆస్పత్రి.
ఎప్పుడూ డాక్టర్లు నన్నే అడుగుతారు.
అక్క పది మాటలు చెప్తే
నేను "కడుపునొప్పండి" అంటాను.
ఈ కొత్త డాక్టరమ్మ బల్ల మీద ఫోను నిలబెట్టింది.
అందులో విజయవాడ నుంచి ఎవరో ఆవిడ,
చేతులూ వచ్చు, నోరూ వచ్చు.
అక్క చెప్తూనే ఉంది, ఆవిడ పలుకుతూనే ఉంది.
డాక్టరమ్మ నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు.

మా అక్క మాట
మొదటిసారి మొత్తం విన్నాను, పరాయి గొంతులో:
"పీచు నానేసే గుంటలో నడుం లోతు దిగినప్పుడల్లా
ఇక్కడ మొదలై ఇటు పాకుతుంది.
మూడేళ్ళయింది.
మా చెల్లికి చెప్పాను.
తనెప్పుడూ తొందరలో ఉంటుంది."

గోడ మీద టీకాల పట్టిక
పైనుంచి కిందిదాకా చదివాను.

అన్నీ బాగుపడ్డాయని అనను.
రీచార్జికి ఓ రోజు కూలి పోతుంది.
గాలివానకి టవరు పడుకుంటే
మళ్ళీ గళ్ళే, మళ్ళీ గొలుసే.

నిన్న పొయ్యి దగ్గర అక్క ఏదో చెప్పబోతే
"ఆఁ తెలుసులే" అని తల తిప్పేశాను.
భుజం పట్టుకుని ఇటు లాగింది.
నా మొహం ముందు గాల్లో
చూపుడువేలితో గుండ్రంగా చుట్టింది,
ఒకసారి, రెండుసార్లు, ఆపకుండా,
తిరుగుతూనే ఉండే ఆ చుక్కల గొలుసు.

గరిటె కింద పెట్టాను.